భూకంపము – ఇంటి క్రింది నేల



భూకంపము వచ్చినదని వార్త వినగానే మనమందరము రెండు ప్రశ్నలు వేయుదుము. ఎంత పెద్దది వచ్చినది? ఎంత దూరమున వచ్చినది? ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే. పెద్ద కంపము చిన్నదానికంటె ఎక్కువ చెరుపు చేయును. దగ్గరిది దూరపుదానికంటె గట్టిగా కుదుపును. కాని ఇల్లు కట్టదలచినవాడు అడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు. "నా యింటి క్రింది నేల యెట్టిది?" అనునదియే ఆ ప్రశ్న. ఒకే భూకంపము, ఒకే పట్టణములో, ఒక పేటను నేలమట్టము చేసి, కొన్ని మైళ్ళ దూరమున నున్న మరియొక పేటలో గోడకు బీటయైనను కలిగింపకుండుట పలుమారులు జరిగినది. ఈ భేదమునకు కారణమేమి, దానిని ముందుగా లెక్కకట్టు విధమేమి, ఆ లెక్కతో మన గ్రామములకు పని యేమి అను మూడు విషయములను ఈ ప్రసంగమున మీకు విన్నవించెదను.

ఈ సంగతిని లోకమునకు కన్నులకు కట్టినట్లు చూపిన పట్టణము మెక్సికో నగరము. అది ఉత్తర అమెరికా ఖండములోని మెక్సికో దేశమునకు రాజధాని. సముద్రమట్టమునకు ఏడువేల అడుగులకు పైబడిన యెత్తున, చుట్టును కొండలుగల లోయలో నది యున్నది. పూర్వమచట తెస్కోకో అను పెద్ద సరస్సుండెడిది. అజ్‌తెకులను జాతివారు 1325 ప్రాంతమున ఆ సరస్సులోని యొక లంకమీద తమ రాజధానిని కట్టుకొనిరి. 1521లో స్పెయినుదేశీయులు దానిని జయించి, ఆ శిథిలములమీదనే తమ నగరమును నిర్మించిరి. తరువాతి శతాబ్దములలో కాలువలు త్రవ్వి సరస్సు నీటిని వెడలగొట్టిరి. నీరు పోయినది గాని సరస్సు అడుగు పోలేదు. అగ్నిపర్వతముల బూడిదయు ఒండ్రును కలిసి యేర్పడిన మెత్తని బంకమన్ను పదులకొలది అడుగుల మందమున అచట పేరుకొని యున్నది. ఆ మట్టిని తూచిన యెడల దానిలో మన్నుకంటె నీటి బరువే యెక్కువ. నగరపు నడిబొడ్డు నేటికిని ఆ మట్టిమీదనే నిలిచియున్నది. నైరృతి భాగమందలి పేటలు కొన్ని మాత్రము గట్టి లావారాతిమీద నున్నవి.

1985 సెప్టెంబరు 19వ తేదిన, ఉదయము 7 గంటలు దాటిన కొలది సేపటికి, ఆ దేశపు పడమటి తీరమున పసిఫిక్ మహాసముద్రపు అంచున పరిమాణమున 8 గల మహాభూకంపము పుట్టెను. అది పుట్టిన చోటు నగరమునకు రెండువందల మైళ్ళకు పైగా దూరము. అంత దూరమునుండి వచ్చు కంపము బలము తగ్గి వచ్చునని యెవరైనను తలతురు. లావారాతి నేలపై నట్లే జరిగెను. సరస్సు అడుగుమీద మాత్రము వందలకొలది మేడలు కూలెను. హువారెజ్ అను ఆసుపత్రియొక్క 12 అంతస్తుల భవనము రోగులతోను వైద్యులతోను సహా కుప్పకూలెను. దినములు గడచిన పిమ్మట ఆ శిథిలములనుండి కొందరు పసికందులను ప్రాణములతో వెలికి తీసిరి. నగరమున వేలకొలది జనులు మృతి నొందిరి.

అచట కుదుపును కొలుచు యంత్రములు అమర్చబడి యుండుటచే మనకు సరియైన లెక్కలు దొరకినవి. శాస్త్రజ్ఞులు కుదుపును వస్తువు బరువుతో పోల్చి చెప్పుదురు. నూరు బస్తాల బరువుగల యింటిని పది బస్తాల బరువంత బలముతో ప్రక్కకు త్రోసినట్లు నేల కుదిపినచో, ఆ కుదుపు బరువులో పదియవ వంతని యర్థము. ఆనాడు లావారాతిపై నున్న విశ్వవిద్యాలయ ప్రాంగణములో కుదుపు బరువులో ఇంచుమించు ముప్పదియవ వంతు. సరస్సు అడుగుమీద నున్న యొక ప్రభుత్వ కార్యాలయపు ఆవరణలో అది ఇంచుమించు ఆరవ వంతు. అనగా అయిదు రెట్లు. భూకంపము పుట్టిన చోటికి మిగుల చేరువగా సముద్రతీరమున నున్న యొక గ్రామములో, రాతిపై నమర్చిన యంత్రము చూపినది ఏడవ వంతే. రెండువందల మైళ్ళ దూరమందలి మెత్తని నేల, కంపమునకు పుట్టినిల్లైన తీరపు రాతికంటె నెక్కువగా నూగెనన్నమాట. దూరము నగరమును రక్షింపలేదు; నేల నగరమునకు ద్రోహము చేసినది.

ఇట్లేల జరిగెను? మొదటి కారణము తరంగముల నడక. భూకంపమనగా భూగర్భమున రాయి పగిలి జారినపుడు పుట్టు అలలు నలువైపుల వ్యాపించుట. ఈ అలలు గట్టిరాతిలో మిక్కిలి వేగముగ పోవును. మెత్తని మన్నులో నెమ్మదించును. సముద్రపు అల లోతైన నీటిలో వేగముగ వచ్చి, ఒడ్డు సమీపించి నీరు లోతు తగ్గినకొలది నెమ్మదించి పైకి లేచుట తీరవాసులు ఎరిగినదే. భూకంపపు అలయు నట్లే. వేగము తగ్గినపుడు దానిలోని శక్తి ఇరుకుపడి, ఊపుగా పైకి తేలును.

రెండవ కారణము మట్టి పొర తనకు తానుగా ఊగు తీరు. వెడల్పైన కంచుగిన్నెలో జున్ను పేరిన తరువాత గిన్నె అంచును వ్రేలితో తట్టి చూడుడు. గిన్నె కదలినది కంటికి కనబడదు; జున్ను మాత్రము ఊగుచునే యుండును. అది తన యిష్టము వచ్చినట్లు ఊగదు. తనకు సహజమైన యొక నిర్ణీత కాలములో ఒక్కొక్క ఊపు పూర్తి చేయును. మట్టి పొరకును ఇట్టి సహజమైన ఊపుకాలము కలదు. దానిని కనుగొను లెక్క సులభమైనది. పొర మందమును నాలుగుచే హెచ్చించి, అందులో అల నడచు వేగముచే భాగింపవలెను. మెక్సికోలో నేను చెప్పిన కార్యాలయము క్రింద మెత్తని పొర మందము ఇంచుమించు 130 అడుగులు. అందులో అల వేగము సెకనునకు ఇంచుమించు 260 అడుగులు. నాలుగు నూటముప్పదులు 520. దానిని 260చే భాగించిన 2. అనగా ఆ నేల రెండు సెకనుల కొక ఊపు చొప్పున ఊగవలెను. ఆనాడు యంత్రము గీసిన గీతయు రెండు సెకనుల ఊపునే చూపినది. దూరమునుండి వచ్చిన అలలలో ఆ కాలమునకు సరిపోవు వానిని నేల పట్టుకొని పెంచినది, తక్కినవానిని విడిచినది.

ఇక మూడవ కారణము మేడయొక్క ఊపు. ప్రతి కట్టడమునకును తన ఊపుకాలము తనకు కలదు. పొట్టి కందిమొక్క గాలికి త్వరత్వరగా కదలును. పొడవైన తాటిచెట్టు నిదానముగ ఊగును. ఇండ్లును అంతే. అంతస్తునకు సెకనులో పదియవ వంతు చొప్పున వేసికొన్నచో స్థూలముగ సరిపోవును. ఒక అంతస్తు ఇల్లు సెకనులో పదియవ వంతున, పదియంతస్తుల మేడ ఒక సెకనున ఒక్కొక్క ఊపు ఊగును. గోడలు బీటలువారి బిగువు సడలినకొలది ఊపు మరింత నిదానించును.

బిడ్డను ఉయ్యాలలో నూపు తల్లికి ఈ శాస్త్రము తెలియును. ఉయ్యాల వెనుకకు వచ్చి ముందుకు మరలు క్షణమున చిన్న త్రోపు ఇచ్చినచో అది ప్రతిమారును మరికొంత ఎత్తునకు పోవును. అదే బలముతో కాలము తప్పి త్రోసినచో ఉయ్యాల ఆగిపోవును. నేల ఊపును మేడ ఊపును ఒకే కాలమున కలిసినపుడు నేల ప్రతిమారును మేడను సరియైన సమయమున త్రోయుచుండును. మెక్సికోలో ఆరు మొదలు పదునైదు అంతస్తుల మేడలకు ఈ దుర్గతి పట్టినది. బీటలు వారి సడలినకొలది వాని ఊపు రెండు సెకనులకు చేరువైనది. రెండు సెకనుల ఊపుగల కట్టడము, విరుగక నిలిచియున్న యెడల, ఇంచుమించు తన బరువంత బలమును ప్రక్కనుండి తట్టుకొనవలసి వచ్చెడిదని యంత్రపు గీతనుబట్టి లెక్కించిరి. ఆ నేలమీదనే యున్న చిన్న చిన్న ఇండ్లు పెక్కులు పడలేదు. అక్కడనే 1956లో పూర్తియైన 44 అంతస్తుల లాటిన్ అమెరికన్ సౌధమును పడలేదు. ఒకదాని ఊపు మిక్కిలి త్వరితము. మరియొకదాని ఊపు మిక్కిలి మందము. నేలతో వాని తాళము కలియలేదు.

సరస్సు అడుగు చెడ్డనేల యని మెక్సికో ఇంజనీరు లెరుగరని తలపకుడు. వారు 1985కు ముందే నగరమును కొండనేల, నడిమినేల, సరస్సునేల యని మూడు భాగములు చేసి, ఒక్కొక్కదానికి వేరు నియమములు పెట్టిరి. సరస్సునేలమీద మేడకు ప్రక్కబలపు లెక్కలో బరువులో నూటికి 24 పాళ్ళ మూలాంకమును నిర్ణయించిరి. భూకంపమైన కొలది దినములకే దానిని నూటికి 40 పాళ్ళకు పెంచిరి. కాబట్టి "ఇది మెత్తనినేల" అని తెలిసికొని యూరకున్న చాలదు. ఎంత మెత్తన, ఎంత లోతు, ఏ తాళమున ఊగును అను దానిని అంకెలలో తెలిసికొనవలెను. అంకె తప్పినచో ఇనుమును తప్పును, స్తంభమును తప్పును.

మరియొక పాఠమును అదే నగరము 32 సంవత్సరముల తరువాత నేర్పినది. 2017లో మరల అదే సెప్టెంబరు 19వ తేదిన భూకంపము వచ్చెను. ఇది పరిమాణమున 7.1, మొదటిదానికంటె చాల చిన్నది. కాని పుట్టిన చోటు నగరమునకు సుమారు 75 మైళ్ళు మాత్రమే. ఈ కంపములో త్వరితమైన ఊపు లెక్కువ. అందుచేత సరస్సు నడుమ గాక, బంకమన్ను మందము తక్కువగా నుండు పడమటి అంచు పేటలు దెబ్బతినెను. ఎక్కువగా చెడినవి నాలుగు మొదలు ఎనిమిది అంతస్తుల మేడలు. వానిలో చాలభాగము 1985లో చెక్కుచెదరక నిలిచినవే. నగరములో రెండువందలకు పైగా జనులు చనిపోయిరి. "మొన్నటి భూకంపమునకు నిలిచినది గనుక ఈ యింటికి భయము లేదు" అను మాట ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియుచున్నది. ఒక తాళమునకు ఊగని యిల్లు మరియొక తాళమునకు ఊగవచ్చును.

ఇప్పుడు రెండవ విషయమునకు వచ్చెదను. ఒక స్థలమున మేడ కట్టకముందే ఆ స్థలము భవిష్యత్తులో ఎట్లు ఊగునో ఇంజనీర్లు ఏ విధముగ లెక్కకట్టుదురు? భూకంపము ఫలానాదినమున వచ్చునని చెప్పగల శాస్త్రము నేటికిని లేదు. కాని వచ్చినచో ఎట్లుండునో చెప్పుటకు మార్గము కలదు. ఆ మార్గములో నాలుగు మెట్లు.

మొదటి మెట్టు, చుట్టుప్రక్కల భూకంపములు పుట్టగల చోట్లను గుర్తించుట. భూమిలోని పగుళ్ళు, పూర్వము వచ్చిన కంపముల వృత్తాంతములు, యంత్రములు నమోదు చేసిన చిన్న చిన్న కదలికలు ఇందుకు సాధనములు. హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఇట్టి పరిశోధనలు చేయుచున్నారు.

రెండవ మెట్టు, ఆ చోట పుట్టిన కంపము మన స్థలమునకు చేరునప్పటికి ఎంత తగ్గునో లెక్కించుట. గంట మ్రోత దూరమైనకొలది సన్నగిల్లునట్లు కంపమును సన్నగిల్లును. ఇక్కడ కాలపు లెక్కయు చేరును. చెరువుకట్ట వేయువారు నిరుటి వరదను మాత్రము చూచి కట్ట ఎత్తును నిర్ణయింపరు గదా! తాతల కాలమున ఒకమారు వచ్చిన పెద్ద వరదను తలచుకొందురు. భూకంపమునకును ఇదే వివేకము కావలెను. ఈ విధమైన లెక్కకు 1968లో అమెరికా దేశీయుడైన కార్నెల్ అను ఇంజనీరు శాస్త్రీయమైన పద్ధతిని చూపెను. పెక్కు దేశములలో సామాన్యముగ తీసికొను కొలత యేమనగా, 50 సంవత్సరములలో మించిపోవుటకు నూటికి పదిపాళ్ళు మాత్రమే అవకాశముగల కుదుపు. సగటున 475 సంవత్సరముల కొకమారు మించు కుదుపనుటయు ఇదియే. 475 సంవత్సరములు గడచినదాక రాదని దీని యర్థము కాదు, రేపైనను రావచ్చును. అవకాశము తక్కువ యనుటయే గాని అభయము కాదు.

మూడవ మెట్టు, రాతిమీద వచ్చు ఆ కుదుపును మన స్థలపు మట్టి పొరల గుండ పైకి తెచ్చి, మట్టి దానిని ఎంత పెంచునో ఎంత తగ్గించునో చూచుట. ఈ మెట్టునకు మట్టినే ప్రశ్నింపవలెను. బోరు త్రవ్వి, సుమారు 64 కిలోల సుత్తిని రెండున్నర అడుగుల ఎత్తునుండి జారవిడిచి, అడుగుననున్న గొట్టము ఒక అడుగు దిగుటకు ఎన్ని దెబ్బలు పట్టినవో లెక్కింతురు. పది దెబ్బలకు లోపుగనే దిగినచో అది మెత్తనినేల. ముప్పది దెబ్బలు దాటినచో గట్టినేల. మరియొక పరీక్షలో నేలమీద ఇనుపపలక నుంచి పెద్ద సమ్మెటతో కొట్టి, వరుసగా పాతిన చిన్న యంత్రములకు ఆ అదురు ఎంతసేపటికి చేరినదో చూతురు. దానినుండి నేలలో అల వేగము తెలియును. పైనున్న నూరడుగులలో సగటు వేగము సెకనునకు 2,500 అడుగులు దాటినచో దానిని రాయిగా నెంచుదురు. 600 అడుగులకు లోపైనచో మిక్కిలి మెత్తని నేలగా నెంచుదురు. ఇంకొక సుకుమారమైన పద్ధతియు కలదు. గాలికి, సముద్రపు అలలకు, బండ్ల రాకపోకలకు నేల యెల్లప్పుడును మన కాలికి తెలియనంత సూక్ష్మముగ కదలుచునే యుండును. ఆ కదలికను రాత్రివేళ యంత్రముతో పట్టి, నేల సహజమైన ఊపుకాలమును గ్రహింతురు. జపానుదేశీయుడైన నకమురా 1989లో ప్రకటించిన పద్ధతి దీనికి మూలము.

నీటితో నిండిన వదులైన ఇసుకనేల యైనచో మరియొక ప్రమాదమునుకూడ విచారింపవలెను. కుదుపునకు ఇసుక రేణువుల పట్టు విడిపోయి, నేల క్షణకాలము బురదనీటివలె నగును. 1934 జనవరి 15వ తేదిన బీహారులో మహాభూకంపము వచ్చినపుడు పొలములలో ఇసుకయు నీరును ఊటలుగా పైకి చిమ్మెను. విశాలమైన ప్రదేశమున ఇండ్లు ఒరిగి నేలలోనికి కుంగెను.

నాలుగవ మెట్టు, ఈ లెక్కలన్నిటిని మేడ కట్టువానికి పనికివచ్చునట్లు ఒక గీతగా గీయుట. ఒక పలకమీద పొట్టివి మొదలు పొడవువి వరకు వెదురుబద్దలను వరుసగా నాటి, ఒక్కొక్కదాని కొనకు ఒక మట్టియుండను గ్రుచ్చినట్లు భావింపుడు. పలకను కుదిపినచో బద్ద లన్నియు ఒక్క రీతిగ నూగవు. ఒక్కొక్క బద్ద అత్యధికముగ ఎంత బలమునకు లోబడినదో కొలిచి, పొట్టినుండి పొడవుకు వరుసగా గీత గీసినచో, అదియే ఇంజనీరు వాడు పటము. ఈ భావమునకు 1932లో బియో అను శాస్త్రజ్ఞుడు ఆద్యుడు. మీ మేడ ఏ బద్ద వంటిదో ఆ బద్ద యెదుట గీత ఎంత యెత్తుననున్నదో చూచినచో, దూలములకు స్తంభములకు ఎంత బలము కావలయునో లెక్కకు వచ్చును. గట్టినేలయైనచో గీత పొట్టి బద్దల వైపున ఎత్తుగా నుండి త్వరగా దిగిపోవును. మెత్తనినేలయైనచో గీతయొక్క ఎత్తు పొడవు బద్దల వైపునకు సాగును.

ప్రతి పూరింటికిని పెంకుటింటికిని ఇంత తతంగము కావలెనా యని మీరడుగవచ్చును. అక్కరలేదు. భూకంపములను గూర్చిన భారత ప్రమాణ నియమావళి 1962లో మొదట వెలువడినది. తరువాత పలుమారులు సవరింపబడినది. ప్రదేశమును బట్టియు నేల తరగతిని బట్టియు ఎంత బలము లెక్కింపవలెనో అది చెప్పును. సామాన్యమైన యిండ్లకు దానిని అనుసరించిన చాలును. పెద్ద ఆనకట్టలు, విద్యుత్కేంద్రములు, పెద్ద ఆసుపత్రులు, ఎత్తైన మేడలు, మిక్కిలి మెత్తని నేలపై కట్టు భవనములు మాత్రము ఆ స్థలమునకే ప్రత్యేకించిన పరీక్షకు తగినవి.

మూడవ విషయము మన గ్రామములకు సంబంధించినది. దక్కను పీఠభూమి పురాతనమైన గట్టిరాయి గనుక ఇచట భూకంపభయము లేదను నమ్మకము చాలకాలము ప్రబలియుండెను. 1967లో ఒంగోలు ప్రాంతమునను, 1969లో భద్రాచలము ప్రాంతమునను పరిమాణమున 5 దాటిన కంపములు వచ్చినవి. 1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి యొద్ద పరిమాణమున 6.2 గల భూకంపము వేలమందిని నిదురలోనే చంపినది. దాని అదురు హైదరాబాదు వరకు తెలిసినది. 2024 డిసెంబరు 4వ తేదిన ములుగు ప్రాంతమున 5.3 పరిమాణము గల కంపము వచ్చి తెలుగుదేశమున పెక్కు జిల్లాలలో తెలిసినది. మనది హిమాలయ ప్రాంతమువలె తరచుగా కంపించు భూమి కాదు. అయినను ఎన్నడును కంపింపని భూమియు కాదు.

కిల్లారిలో చంపినది ముఖ్యముగా కట్టుబడి. బురదతో పేర్చిన మందమైన రాతిగోడలు, వానిపై అడుగుల మందమున మట్టిమిద్దెలు. దగ్గరి కంపముయొక్క త్వరిత మైన ఊపు పొట్టి యిండ్లకు సరిపడినది; గోడలు రెండుగా విచ్చి మిద్దెలు మీదపడినవి. కాబట్టి నేల మంచిదైన చాలునని నేను చెప్పుటలేదు. చెడ్డ కట్టుబడిని మంచినేల రక్షింపదు. మంచి కట్టుబడిని కూడ, తగిన లెక్క లేనిచో, మెత్తనినేల చెరుపగలదు. 2001 జనవరి 26వ తేదిన గుజరాతులోని భుజ్ ప్రాంతమున వచ్చిన భూకంపమునకు సుమారు 150 మైళ్ళ దూరమందలి అహమ్మదాబాదులో పదులకొలది మేడలు కూలెను. అచట రెండు దోషములును కలిసినవి. నగరము సబర్మతీనది తెచ్చిన లోతైన ఒండ్రుమీద నున్నది. కూలిన మేడలలో పెక్కింటికి బండ్లు నిలుపుటకై క్రింది అంతస్తున గోడలు లేక స్తంభములు మాత్రమే యుండెను.

ఇది మనకు దూరపు మాట కాదు. నేడు మన పల్లెలలోను చిన్న పట్టణములలోను రెండు మూడు అంతస్తుల డాబాలు, స్తంభములమీద నిలిచిన మేడలు లేచుచున్నవి. ఊరిలో ఖాళీస్థలము కరవై పూడిన చెరువు శిఖములు, పాత వాగుల పల్లములు, కుంటలు మట్టిపోసి ఇండ్లస్థలములుగ మారుచున్నవి. పాఠశాలకు స్థలము కావలసినపుడు పంటపండు మెరకభూమిని ఎవరు నిత్తురు? ఎవరికిని పనికిరాని పల్లమును చూపుదురు. ఊరి పిల్లలందరు దినమున కొన్ని గంటలు గడుపు కట్టడమునకు ఊరిలోకెల్ల చెడ్డనేల దక్కుట న్యాయమా యని యోచింపుడు.

ఇచ్చటనే మీ సహాయము కావలసియున్నది. బోరు యంత్రము తాను త్రవ్విన చోటి మట్టినే చూపును. మట్టిపోసి చదును చేసిన నేలను చూచి, దాని క్రింద నలువది యేండ్లనాడు ఏమి యుండెనో క్రొత్తగా వచ్చిన ఇంజనీరు గ్రహింపలేడు. ఆ స్థలమున చెరువు నీరు ఎంతవరకు నిలిచెడిదో, వాగు ఎక్కడ దారి మార్చుకొన్నదో, ఏ దిగుడుబావిని చెత్తతో పూడ్చిరో, బావులు త్రవ్వినపుడు ఎన్ని మట్లకు మొరము తగిలినదో, ఎక్కడ ఇసుక ఊరి గోడలు విరిగిపడినవో మీకు తెలియును. శాస్త్రజ్ఞుడు వేలు వ్యయపరచి వెదకు సమాచారములో మొదటి భాగము మీ జ్ఞాపకమున నున్నది. దానిని మీతోనే పోనీయక, ఊరి పటముమీద గుర్తులు పెట్టించి, పంచాయతీ కార్యాలయమున నుంచుడు.

పాఠశాల, ఆసుపత్రి, నీటిట్యాంకు, సమావేశమందిరము మొదలగు పదిమంది కట్టడములకు స్థలము నిర్ణయించునపుడు ఇంజనీరును ఈ ప్రశ్నలు అడుగుడు. ఇచట గట్టినేల ఎంత లోతున తగిలినది? బోరు ఎన్ని చోట్ల వేసిరి, సుత్తిదెబ్బల లెక్క యేమి? ఈ నేలను ఏ తరగతిగ తీసికొని లెక్కవేసిరి? క్రింది అంతస్తు గోడలులేక స్తంభములమీద నిలుచునా? నిలుచునెడల ఆ స్తంభములకు ఎక్కువ బలమేమి యిచ్చిరి? బోరు లెక్కల కాగితమును చూపుమనుటకు మీకు అధికారము కలదు. నేలపరీక్షకగు వ్యయము కట్టడపు వ్యయములో చిన్న భాగము.

మన నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారునని మేస్త్రీలందరు ఎరుగుదురు. అది వేరు దోషము, దాని చికిత్సయు వేరు. నాలుగైదడుగుల రేగడి క్రింద మొరము తగిలినచో రేగడి తీసివైచి మొరముమీద పునాది వేయవచ్చును. భూకంపపు విషయమున భయపడవలసినది మెత్తదనము లోతుగా పోయిన చోట. అట్టి చోట కట్టడము వేరొక స్థలమునకు మార్చుట మేలు. మార్చుటకు వీలుకానిచో ఆ నేలయొక్క ఊపును లెక్కించి, దానితో తాళము కలియని యెత్తున, తగిన బలముతో కట్టింపవలెను. మెత్తనినేల కట్టడమునకు నిషిద్ధము కాదు. లెక్క లేని కట్టడము నిషిద్ధము.

భూకంపమును ఆపుట మనుష్యుని వశము కాదు. అది ఎప్పుడు వచ్చునో తెలిసికొనుటయు ఇంకను వశము కాలేదు. ఎక్కడ కట్టవలెను, ఎట్లు కట్టవలెను అనునవి రెండును మన చేతిలోనే యున్నవి. మెక్సికో సరస్సునుండి నీటిని తోడివేసినవారు సరస్సు పోయినదనుకొనిరి. నేల మరువలేదు. మన యూరి చెరువుల విషయమునను నేల మరువదు. మనమును మరువకుందుము గాక.